జానీ లీవర్ చదువు మానేసినందుకే గొప్పవాడయ్యాడా?

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని తమ్ముళ్ళు ఫోన్ చేసినప్పుడు మొదట బాబాసాహెబ్ అంబేద్కర్ గారి గురించి రాద్దామనుకున్నాను. కానీ ఆయన గురించి ప్రతి సంచికలోనూ ముగ్గురో నలుగురో రాస్తూనే ఉంటారు, నాకంటే బాగా రాస్తారు. అందుకని ఈసారి ఒక హిందీ సినిమా కమెడియన్ గురించి రాస్తున్నాను. పెద్దలు నవ్వకండి. నవ్వినా ఫరవాలేదు, ఆయన పనే నవ్వించడం.

దీనికి ఒక కారణం ఉంది. మొన్న సంక్రాంతి సెలవులకు తిరుపతి నుంచి ఊరికొచ్చినప్పుడు సత్యవేడు బస్టాండులో నా పాత జతకాడు కలిశాడు. ఆరో తరగతి నుంచి పది దాకా ఇదే హాస్టల్లో నా ట్రంకుపెట్టె పక్కన వాడి ట్రంకుపెట్టె ఉండేది. ఇంటర్ మొదటి సంవత్సరం మధ్యలో కాలేజీ మానేశాడు. ఇప్పుడు శ్రీసిటీలో ఒక కంపెనీలో కాంట్రాక్టరు కింద పనిచేస్తున్నాడు. టీ తాగుతూ సెల్‌ఫోన్‌లో జానీ లీవర్ కామెడీ ముక్కలు చూపించాడు. ఇద్దరం పడీ పడీ నవ్వాం. చివర్లో వాడు ఫోన్ జేబులో పెట్టుకుంటూ ఒక మాటన్నాడు.

"ఏమబ్బా, ఈయన ఏడో తరగతితో బడి మానేసినోడంట. నువ్వేమో పీజీ చేస్తా ఉండావు. హాస్టల్ పిలకాయలకు వచ్చినప్పుడల్లా సదువుకోండి సదువుకోండి అని చెప్తా ఉంటావు గదా. మరి ఎవురు గెలిచినట్టు?"

నేను ఏదో అనబోయేలోగా వాడి షిఫ్టు బస్సు వచ్చేసింది. ఎక్కి వెళ్ళిపోయాడు. ఆ రోజు నా నోటికి రాని సమాధానాన్ని ఇక్కడ రాస్తున్నాను. వాడు ఈ సంచిక చదువుతాడని నమ్మకం. ఎందుకంటే అచ్చయ్యాక వాడికి ఒక కాపీ నేనే తీసుకెళ్ళి ఇస్తాను.

జానీ లీవర్ అంటే మన పిలకాయల్లో చాలామందికి తెలియకపోవచ్చు. మనది అరవదేశం సరిహద్దు. ఊత్తుకోట వైపు పోయే బస్సు ఎక్కితే కాసేపటికి మాట మారిపోతుంది. కాబట్టి మనకు వడివేలు, గౌండమణి తెలిసినంతగా హిందీ నటులు తెలియరు. మనకు హిందీ అంటే ఆరో తరగతిలో మొదలై పదో తరగతిలో ఇరవై మార్కులతో గట్టెక్కే సబ్జెక్టు. కానీ ఆ హిందీ సినిమాల్లో ఇరవై ఏళ్ళకు పైగా దేశమంతటినీ నవ్వించిన ఈ మనిషి పుట్టుకతో తెలుగువాడు. అసలు పేరు జనుమల జాన్ ప్రకాశరావు. 1957 ఆగస్టు 14న కనిగిరిలో ఒక తెలుగు క్రైస్తవ కుటుంబంలో పుట్టాడు. అప్పటికి కనిగిరి నెల్లూరు జిల్లాలోనే ఉండేది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వెళ్ళింది, దానికే తరువాత ప్రకాశం జిల్లా అని పేరు పెట్టారు. వానలు ఎగ్గొట్టే మెట్టసీమ. తాగే నీళ్ళలో ఫ్లోరైడు. అలాంటి చోటు నుంచి జనం బతుకుతెరువుకు ఎటు పోతారో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఈ కుటుంబం బొంబాయి చేరింది. తెలుగువాళ్ళు బొంబాయికి పోవడం ఆనాటికే పాత కథ. ఆ నగరంలో కామాఠీపురా అనే పేటకు ఆ పేరు రావడానికి కారణం తెలుగు ప్రాంతం నుంచి పోయిన కామాఠీ కూలీలే. జానీ తండ్రి ప్రకాశరావు గారు హిందుస్థాన్ లీవర్ ఫ్యాక్టరీలో ఆపరేటరు. ఇల్లు ధారావిలో. పిల్లల్లో జానీయే పెద్దవాడు. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే తమిళం, మరాఠీ, హిందీ. ఈ విషయం చదివినప్పుడు నాకు సత్యవేడు సంత గుర్తొచ్చింది. ఒక కొట్టు దగ్గర తెలుగు, పక్క కొట్టు దగ్గర అరవం, బేరం మాత్రం రెండూ కలిపి. ఇలాంటి చోట పెరిగిన పిల్లలకు చెవులు తొందరగా పదునెక్కుతాయి. ఎవరు ఎలా పలుకుతారో, ఏ మాట దగ్గర ఎలా సాగదీస్తారో పట్టేస్తారు. జానీకి మిమిక్రీ ఏ గురువు దగ్గరా మొదలైంది కాదు, ఆ వీధిలోనే మొదలై ఉంటుందని నా ఊహ.

బొంబాయి తెలుగువాళ్ళు పెట్టుకున్న ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ బడిలో చేరాడు. ఏడో తరగతి దాకా చదివాడు. అక్కడితో ఆగిపోయింది.

నా జతకాడు తప్పు పట్టుకున్నది ఇక్కడే. వాడు "మానేసినోడు" అన్నాడు. బడి మానేయడం వేరు, మానాల్సి రావడం వేరు. మానేసేవాడికి ఇంకో దారి ఉంటుంది, దాన్ని వదులుకుని పోతాడు. జానీకి ఇంకో దారి లేదు. ఇంట్లో డబ్బు లేదు, పెద్దకొడుకు, కాబట్టి ఆగిపోయాడు. మన హాస్టల్లో ఎంతమంది పెద్దకొడుకులు ఉన్నారో చేతులెత్తమంటే తెలుస్తుంది. మనల్ని ఏడో తరగతి దాటించింది మన తెలివితేటలు అనుకుంటే అది పొరపాటు. మూడు పూటలా బువ్వ, రెండు జతల బట్టలు, పుస్తకాలు, తలనూనెకూ సబ్బుకూ ఇచ్చే కాస్మెటిక్ చార్జీలు, ఇవి దాటించాయి. పొద్దున చన్నీళ్ళ స్నానం గురించి, నీళ్ళలాంటి సాంబారు గురించి నేనూ కావలసినన్ని జోకులు వేశాను. కానీ మా ఇంట్లో ఇంతకుముందు ఎవరూ డిగ్రీ ముఖం చూడలేదు. మా నాయన ఏడో తరగతి కూడా చూడలేదు. నేను చూశానంటే మధ్యలో ఈ హాస్టల్ ఉంది. ధారావిలో జాన్ ప్రకాశరావు అనే కుర్రాడికి మధ్యలో ఏమీ లేకపోయింది.

బడి ఆగిపోయాక బొంబాయి వీధుల్లో పెన్నులు అమ్మాడు. పెన్నులు అమ్మేవాళ్ళు వందమంది ఉంటారు. ఈయన సినిమా హీరోల గొంతులతో అరుస్తూ, వాళ్ళ పాటలకు చిందులేస్తూ అమ్మేవాడు. జనం నవ్వు కోసం ఆగి, ఆగినందుకు పెన్ను కొనేవాళ్ళు. కొంతకాలం హైదరాబాదు యాకుత్‌పురాలో ఉన్నాడనీ, అక్కడ నకళ్ళు చేయడంలో ఇంకా ఆరితేరాడనీ చెబుతారు. ఆ తరువాత తండ్రి పనిచేసే హిందుస్థాన్ లీవర్‌లోనే కూలీగా చేరాడు. సబ్బుల కంపెనీ అది. లైఫ్‌బాయ్, లక్స్, రిన్, సర్ఫ్ అన్నీ వాళ్ళవే. మన హాస్టల్ బాత్‌రూముల్లో గూట్లో అరిగిపోయి ఉండే ఎర్ర సబ్బు ముక్క కూడా వాళ్ళదే. 2007లో ఆ కంపెనీ పేరు హిందుస్థాన్ యూనిలీవర్ అయింది.

ఇప్పుడు ఈ వ్యాసానికి అసలు ముఖ్యమైన సంగతి. ఒకసారి ఆ ఫ్యాక్టరీలో ఏదో ఫంక్షన్ జరిగింది. కంపెనీ పెద్ద ఆఫీసర్లు ముందు వరుసలో కూర్చుని ఉంటారు గదా. ఈ కూలీ కుర్రాడు స్టేజీ ఎక్కి ఆ ఆఫీసర్ల మాటతీరును, నడకను వాళ్ళ ముందే చేసి చూపించాడు. కార్మికులంతా విరగబడి నవ్వారు. ఆ రోజు నుంచి తోటి కార్మికులు అతన్ని జానీ లీవర్ అని పిలవడం మొదలుపెట్టారు. చాలామంది లీవర్ అనేది ఏదో ఇంగ్లీషు ఇంటిపేరు అనుకుంటారు. నేనూ మొన్నటిదాకా అలాగే అనుకున్నాను. ఒక కంపెనీ పేరును కార్మికులు తమవాడికి బిరుదుగా ఇచ్చారు. ఈ పేరు వెనక ఎన్ని ఉన్నాయో చూడండి. స్టేజీ ఎక్కడానికి కూలీకి ఒక అవకాశం ఉంది. పైవాళ్ళను అనుకరించినా మర్నాడు గేటు దగ్గర ఆపేయలేదు. నవ్వడానికి వెనక వరుసల్లో ఒకరినొకరు ఎరిగిన కార్మికులు ఉన్నారు. ఈ మూడిట్లో ఏ ఒక్కటి లేకపోయినా జానీ లీవర్ లేడు.

ఉద్యోగం ఎప్పుడు వదిలాడు? ఇది కూడా మా వాడు గమనించాలి. బడి పోయిన కుర్రాడికి దొరికిన కంపెనీ ఉద్యోగాన్ని "నేను స్టార్ అవుతా" అని చెప్పి మొదటి రోజే విసిరికొట్టలేదు. పని చేసుకుంటూనే సాయంత్రాలు ఆర్కెస్ట్రాల్లో, స్టేజీ షోల్లో కామెడీ చేశాడు. షోలు పెరిగి రెండూ కుదరక 1981లో ఉద్యోగం మానుకున్నాడు. అప్పటికి సంగీత దర్శకులు కళ్యాణ్‌జీ ఆనంద్‌జీల బృందంతో తిరుగుతున్నాడు. 1982లో వాళ్ళతో, అమితాబ్ బచ్చన్‌తో కలిసి విదేశీ పర్యటనకు వెళ్ళాడు. ఒక షోలో ఆయన్ని చూసిన సునీల్ దత్ తన 'దర్ద్ కా రిష్తా'లో వేషం ఇచ్చారు. 1982లో వచ్చిన ఆ సినిమా బ్లడ్ క్యాన్సర్ సోకిన ఒక పాప కథ. దేశాన్ని నవ్వించబోయేవాడు సినిమాల్లోకి అడుగుపెట్టింది ఏడిపించే సినిమాతో.

సినిమా వచ్చింది గదా, ఇక తిరుగులేదు అనుకుంటాం. తిరుగు చాలానే ఉంది. చిన్న చిన్న వేషాలు, 'హసీ కే హంగామే' అనే కామెడీ క్యాసెట్, ఒక దోమల చుట్టల ప్రకటన. 1986లో 'హోప్ 86' అనే పెద్ద కార్యక్రమం జరిగింది. సినిమా వాళ్ళందరూ వచ్చిన సభ. అందులో ఈయన్ని పిలిచింది ఒక ఐటమ్‌కూ ఇంకో ఐటమ్‌కూ మధ్య ఖాళీ పూడ్చడానికి. మన వార్షికోత్సవంలో డ్యాన్సు పిలకాయలు డ్రెస్సు మార్చుకునే లోపల ఎవరో ఒకరిని మైకు ముందుకు తోస్తాం చూడండి, అలాగన్నమాట. ఆ ఖాళీలోనే ఆయన నిలబడ్డాడు. అక్కడ చూసిన నిర్మాత గుల్ ఆనంద్ 'జల్వా'లో నసీరుద్దీన్ షా పక్కన వేషం ఇప్పించారు. అది 1987. మరుసటి ఏడు 'తేజాబ్'. అయినా పిల్లలు కూడా గుర్తుపట్టే పేరు వచ్చింది 1993లో 'బాజీగర్'తోనే. ఉద్యోగం వదిలాక పన్నెండేళ్ళు! మా జతకాడి ఫోన్‌లో వచ్చే ఒక నిమిషం వీడియోలో ఈ పన్నెండేళ్ళు కనిపించవు. నిమిషంలో పట్టేది ఆఖరి నవ్వు మాత్రమే.

'బాజీగర్'లో ఆయన వేసింది మతిమరుపు నౌకరు బాబూలాల్ వేషం. ఆ కామెడీకి రాసిచ్చిన మాటలు పెద్దగా లేవనీ, చాలావరకు అక్కడికక్కడ తానే కల్పించి చేశాననీ జానీ ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నాడు. అంటే నటన ఒక్కటే ఆయనది అనుకోకూడదు, రచన కూడా ఆయనదే. కానీ టైటిల్స్‌లో రచయితగా ఆ పేరు పడదు. కూలికి పోయినవాడు గట్టు తానే వేసి, మడవ తానే తిప్పి, నీళ్ళు తానే పారించినా పంట మాత్రం పట్టా ఉన్నవాడిది అయినట్టు.

ఆ తరువాత వరసపెట్టి వచ్చాయి. 'కరణ్ అర్జున్', 'రాజా హిందుస్తానీ', 'యస్ బాస్', 'కుఛ్ కుఛ్ హోతా హై', 'బాద్‌షా'. మొత్తం సినిమాలు మూడు వందలు దాటాయి. 1997లో వచ్చిన 'జుదాయీ' మన తెలుగు 'శుభలగ్నం'కు హిందీ రూపం. అందులో హీరోయిన్ శ్రీదేవి, ఆమె తల్లిగారిది తిరుపతి. మన కథ, మన తిరుపతి ఆడబిడ్డ కూతురు, మన కనిగిరివాడు, ముగ్గురూ హిందీ మాట్లాడారు. 'దీవానా మస్తానా', 'దుల్హే రాజా' సినిమాలకు ఉత్తమ హాస్యనటుడిగా ఫిల్మ్‌ఫేర్ అవార్డులు అందుకున్నాడు. రెండింటిలో నాకు 'దుల్హే రాజా' ఎక్కువ ఇష్టం. అందులో ఆయన వేషం పేరు బాంకే. ఫైవ్‌స్టార్ హోటల్ యజమాని ఖాదర్ ఖాన్ దగ్గర నౌకరీ. అదే ఆవరణలో గోవిందా ఒక ధాబా నడుపుతుంటాడు. ఎటువైపు జీతం ఎక్కువ ఇస్తామంటే బాంకే అటువైపు దూకుతుంటాడు. చూసేవాళ్ళు ద్రోహి అని నవ్వుతారు. నేను మాత్రం అందులో ఫ్యాక్టరీ గేటు దగ్గర రోజూ కాంట్రాక్టర్లను మార్చుకునే మనవాళ్ళను చూశాను. పక్కోడు రోజుకు యాభై ఎక్కువ ఇస్తానంటే వెళ్ళకుండా ఎవరుంటారు? అంత జీతం తీసుకునే హోటల్ యజమాని కంటే, రోజుకు రెండుసార్లు యజమానిని మార్చే ఆ నౌకరు నాకు బాగా తెలిసిన మనిషి.

ఇక నాకు నచ్చని సంగతి కూడా చెప్పాలి. అభిమానం ఉంది గదా అని దాచకూడదు. ఆయన వేషాల జాబితా చూస్తే నౌకరు, డ్రైవరు, మేనేజరు, హీరో స్నేహితుడు, తెలివితక్కువ రౌడీ. రంగు మీద, నత్తి మీద, ఆడవాళ్ళ మీద వేసిన జోకులు ఆ సినిమాల్లో లెక్కలేనన్ని. కొన్ని ఇప్పుడు చూస్తే నవ్వు రాదు, పైగా చిరాకేస్తుంది. ఆయన చేసినా సరే వాటిని నేను సమర్థించను. మన తెలుగులోనూ ఇదే కదా. కోట శ్రీనివాసరావు గారు బాబూమోహన్ గారిని తన్నే సీనుకు హాలు హాలంతా ఈలలు వేసిన కాలం ఉంది. తన్నేవాడి వైపు నవ్వామా, తన్నులు తినేవాడి వైపు నవ్వామా అని మా నాయన్ని అడిగితే, "టికెట్ డబ్బులు గిట్టుబాటు కావాల గదరా" అన్నాడు.

హిందీ సినిమాల్లో జానీ కంటే ముందే మన తెలుగువాడు ఒకాయన ఉన్నారు. పైడి జైరాజ్ గారు. 1909లో కరీంనగర్‌లో పుట్టి, హైదరాబాదు నిజాం కాలేజీలో చదివి, 1929లో బొంబాయి వెళ్ళారు. మూకీల కాలం నుంచి హీరో. టిప్పు సుల్తాన్, పృథ్వీరాజ్ చౌహాన్, అమర్ సింగ్ రాథోడ్ వంటి రాజుల వేషాలు వేశారు. 1980 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు పొందారు. 2000లో చనిపోయారు. ఆయన ప్రతిభను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూడండి. కాలేజీ చదివి వెళ్ళిన తెలుగువాడికి కిరీటం, ఏడో తరగతితో ఆగి మురికివాడ నుంచి వెళ్ళిన తెలుగువాడికి భుజాన తుండుగుడ్డ. ముఖాన్ని, రంగును, మాట యాసను చూసి ఎవరికి ఏ వేషమో సినిమా వాళ్ళు ముందే నిర్ణయిస్తారు. అన్ని గొంతులు, అన్ని ముఖాలు తన ఒంట్లో ఉన్న మనిషితో ఒక్క పెద్ద దుఃఖపు వేషం వేయించి ఉంటే ఎలా ఉండేదో అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. హిందీ సినిమా ఆయనలో సగాన్నే వాడుకుందని నా అభిప్రాయం. ఎవరైనా కాదంటే వాదించడానికి సిద్ధంగా ఉన్నాను, ఆదివారం ఊర్లోనే ఉంటాను.

మిమిక్రీ అంటే వెక్కిరింపు అని కొందరు పెద్దల అభిప్రాయం. వరంగల్‌కు చెందిన నేరెళ్ళ వేణుమాధవ్ గారు ఆ వెక్కిరింపుతోనే ప్రపంచ దేశాలు తిరిగారు, 2001లో పద్మశ్రీ అందుకున్నారు. ఒక మనిషి గొంతును పట్టుకోవాలంటే ఆ మనిషిని ఎంత శ్రద్ధగా వినాలో ఎప్పుడైనా ప్రయత్నించి చూడండి. మనం సోషల్ స్టడీస్ పాఠాన్ని కూడా అంత శ్రద్ధగా వినలేదు.

మళ్ళీ మా జతకాడి ప్రశ్నకు వస్తాను. చదువు లేకుండా గెలవొచ్చు అనడానికి జానీ లీవర్‌ను సాక్ష్యానికి పిలుస్తున్నావు గదా, సరే, ఆయన తన పిల్లలకు ఏం చేశాడో చూద్దాం. ఆయన కూతురు జేమీ లీవర్ లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ విశ్వవిద్యాలయంలో మార్కెటింగ్ కమ్యూనికేషన్‌లో మాస్టర్స్ చేసింది. ఆ తరువాతే స్టేజీ ఎక్కింది. తండ్రిలాగే మిమిక్రీ, తండ్రిలాగే కామెడీ. 2015లో సినిమాల్లోకి కూడా వచ్చింది. కామెడీకి డిగ్రీ అక్కర్లేదని జానీ కంటే బాగా ఎవరికి తెలుసు? అయినా బిడ్డను పీజీ దాకా చదివించాడు. ఏడో తరగతి ఆగిపోయిన చోటు ఎంత లోతుగా ఉంటుందో ఆ చోట నిలబడినవాడికే తెలుస్తుంది. ఎవరు గెలిచినట్టు అని అడిగావు. ఆయన్నే అడిగితే కూతురి పట్టా చూపిస్తాడేమో!

ఇంకొక సంగతి నిన్ను నొప్పించడానికి చెప్పడం లేదు. జానీ చేరింది ఫ్యాక్టరీలోనే, నువ్వు చేరింది ఫ్యాక్టరీలోనే. 2008లో మన మండలంలో, వరదయ్యపాళెం మండలంలో శ్రీసిటీ వచ్చినప్పుడు మనం ఇంకా బడి ముఖం సరిగా చూడలేదు. మన ఊళ్ళకు రోడ్లు వచ్చాయి, బస్సులు వచ్చాయి, ఆడపిల్లలకు కూడా పనులు దొరికాయి. నేను దాన్ని తప్పు పట్టే మూర్ఖుణ్ణి కాను. మా చిన్నాయన కూతురి పెళ్ళి ఆ జీతం మీదే జరిగింది. కానీ జానీ తండ్రికి ఆ కంపెనీలో ఒక ఉద్యోగం ఉంది, కొడుకు అందులోనే చేరాడు, కంపెనీ పేరు తన పేరుగా పెట్టుకునేంత చనువు కార్మికులకు ఉంది. నీ యూనిఫాం మీద ఒక పేరు, జీతం చీటీ మీద ఇంకో పేరు. ఆర్నెల్లకు చీటీ మీద పేరు మారుతుంది. నిన్ను ఏ కంపెనీ పేరుతో పిలవాలి చెప్పు? నీ లైన్‌లో పక్కన నిలబడేవాడిది ఒడిశా, వాడి పక్కన ఉన్నవాడిది బీహార్ అన్నావు. ముగ్గురూ కలిసి నవ్వడానికి ఏడాదికి ఒక సాయంత్రమైనా ఎవరైనా ఇస్తున్నారా?

చివరికి మన హాస్టల్ సంగతి. ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. మేము తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు వార్షికోత్సవంలో మా జతకాడు మిమిక్రీ చేశాడు. మొదట చిరంజీవి, తరువాత రజనీకాంత్, చప్పట్లు మామూలుగానే పడ్డాయి. ఆ తరువాత సాయంత్రం స్టడీ అవర్‌లో హాజరు పిలిచే గొంతు చేశాడు. "ఎవుడ్రా ఆ కడపటి బెంచీలో గుసగుసలాడేది?" అని వాడు అనగానే నిజంగానే వెనక బెంచీవాళ్ళు లేచి నిలబడ్డారు. రెండు వందల మంది ఒక్కసారిగా నవ్విన ఆ చప్పుడు నాకు ఇంకా వినిపిస్తుంది. వంటమనిషి అవ్వ కూడా గరిటె పట్టుకుని వచ్చి తలుపు దగ్గర నిలబడి నవ్వింది. మర్నాడు ఒక పెద్దాయన వాడిని పిలిచి, పెద్దలను వెక్కిరించేవాడు బాగుపడడని చెప్పి, అందరి ముందూ గుంజీలు తీయించారు. ఆయన పేరు అనవసరం. ఇప్పుడు ఆయన ఇక్కడ లేరు, ఆయన మనసులో చెడు ఉందని కూడా నేను అనుకోను. మరుసటి ఏడు కార్యక్రమాల పట్టికలో మిమిక్రీ లేదు. నాకు తెలిసి ఆ తరువాత కూడా లేదు. ఏటా కోలాటం, దేశభక్తి గీతం, ఏకపాత్రాభినయం, బహుమతి ప్రదానం.

మా వాడు ఇంటర్ మానేయడానికి ఆ గుంజీలే కారణమని నేను చెప్పను. వాళ్ళ నాయన కాలు విరగడం కారణం, అప్పు కారణం. కానీ వాడిలో ఏదో బాగుందని ఈ ఐదేళ్ళలో మనమంతా కలిసి చెప్పిన రోజు అదొక్కటే, మర్నాడే దాన్ని వెనక్కి తీసుకున్నాం. హిందుస్థాన్ లీవర్ ఆఫీసర్లు ఆ రోజు ఆ కూలీ చేత గుంజీలు తీయించి ఉంటే అతను జాన్ ప్రకాశరావుగానే రిటైరయ్యేవాడు.

కాబట్టి వార్షికోత్సవ కమిటీ తమ్ముళ్ళకు, గౌరవనీయులైన వార్డెన్ గారికి నా విన్నపం ఒకటే. ఈ ఏడు కార్యక్రమాల్లో మిమిక్రీకి పది నిమిషాలు కేటాయించండి. డ్యాన్సుల మధ్య ఖాళీ పూడ్చడానికి పెట్టినా సరే, ఖాళీలో నిలబడడం మనకు చేతనవును. హీరోల గొంతులే చేయాలని షరతు పెట్టకండి. ట్యూటర్ గొంతు, వంటమనిషి అవ్వ గొంతు, వార్డెన్ గారి గొంతు కూడా చేయనివ్వండి. ముందు వరుసలో కూర్చున్నవాళ్ళు మొదట నవ్వితే వెనకవాళ్ళకు భయం పోతుంది.

మొదటి ఐటమ్‌కు మా జతకాడిని తీసుకొచ్చే పూచీ నాది. షిఫ్టు ఎలా సర్దుకుంటావని అడిగాను. సూపర్‌వైజర్ గొంతుతో ఫోన్‌లోనే సెలవు మంజూరు చేసుకున్నాడు. నేను ఒక్క క్షణం నిజమే అనుకున్నాను.